పార్లమెంట్‌లైవ్ డాట్ టీవీ: బ్రెగ్జిట్ గొడవ అసలు ఎలా జరిగిందో చూడాలనుకునేవాళ్లకి నా రివ్యూ

బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) గురించి తెలుసుకోవాలంటే ఏం చూడాలి అని ఎవరైనా అడిగితే నేను డాక్యుమెంటరీల పేర్లేమీ చెప్పను. బ్రిటన్ పార్లమెంటు సొంతంగా నడిపే పార్లమెంట్‌లైవ్ డాట్ టీవీ చూడమంటాను. కామన్స్ (దిగువ సభ), లార్డ్స్ (ఎగువ సభ), వెస్ట్‌మినిస్టర్ హాల్ చర్చలు, కమిటీలు అన్నీ లైవ్‌లో వస్తాయి. అయిపోయినవి 2007 డిసెంబర్ నుంచి భద్రంగా ఉన్నాయి. పైసా కట్టక్కర్లేదు. తేదీ వేస్తే ఆ రోజు సభ మొత్తం ముందుకొస్తుంది. ఎవరు ఎప్పుడు లేచారో టైముతో సహా లిస్టు ఉంటుంది, పేరు మీద నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తారు. కావాల్సిన ముక్క మొదలు, చివర ఎంచుకుని క్లిప్ కూడా చేసుకోవచ్చు.

ఒక సైటుకి ఇంత పెద్ద రివ్యూ ఎందుకంటే, 2018 డిసెంబర్ నుంచి 2020 జనవరి దాకా ఆ సభలో జరిగింది మనలో చాలామంది ముప్పై సెకన్ల క్లిప్పుల్లోనే చూశాం. స్పీకర్ జాన్ బెర్కో రంగురంగుల టైలో "ఆర్డర్" అని అరవడం, వెనక జనం హోరు, అంతే. అవి చూసినవాళ్లకి మిగిలే అభిప్రాయం ఒకటే, వీళ్లు కొట్టుకోవడం తప్ప పని చేయలేదని. పూర్తి రికార్డు చూస్తే నాకు కనిపించింది వేరు. చాలా కష్టపడి పనిచేశారు, రాత్రులు కూర్చున్నారు, బాగా చదువుకుని వచ్చి మాట్లాడారు. అయినా 2019 డిసెంబర్ ఎన్నికల దాకా ఏ దారికీ నిలబడే మెజారిటీ దొరకలేదు. వద్దు అనడానికి దాదాపు ప్రతిసారీ మెజారిటీ ఉంది, కావాలి అనడానికి దాదాపు ఎప్పుడూ లేదు. ఇది క్లిప్పుల్లో అర్థం కాదు, గంటలు గంటలు చూస్తేనే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. 2016 జూన్ 23న రెఫరెండం, యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్లిపోదాం అన్నవాళ్లు 51.9 శాతం, ఉందాం అన్నవాళ్లు 48.1 శాతం. 2017 మార్చి 29న ప్రధాని థెరిసా మే ఆర్టికల్ 50 (యూనియన్ నుంచి వెళ్లిపోయే పద్ధతి చెప్పే ఒప్పంద నిబంధన) కింద నోటీసు ఇచ్చారు, రెండేళ్ల గడువు మొదలైంది. ఆ మధ్యలో బలం పెంచుకుందామని జూన్‌లో ఎన్నికలకి వెళ్లి ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు. 317 సీట్లతో, ఉత్తర ఐర్లాండ్‌కి చెందిన డీయూపీ 10 మంది మద్దతుతో ప్రభుత్వం నడిచింది. తర్వాత జరిగిన ప్రతి గొడవ వెనకా ఈ లెక్కే ఉంది. అసలు ముడి ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత ఆ సరిహద్దు మీద చెక్‌పోస్టులు లేవు, మళ్లీ రాకూడదు. వేరే దారి దొరికేదాకా బ్రిటన్ మొత్తం యూరప్‌తో ఒకే కస్టమ్స్ పరిధిలో ఉండాలన్నది మే తెచ్చిన ఒప్పందంలోని బ్యాక్‌స్టాప్. ఇలా అయితే ఎప్పటికీ బయటపడలేమని ఆమె సొంత కన్జర్వేటివ్ పార్టీలోనే తిరుగుబాటు, మా ప్రాంతాన్ని వేరుగా చూస్తున్నారని డీయూపీ కోపం. అసలు వెళ్లడమే ఇష్టం లేనివాళ్లు మరోవైపు.

ఇక సైటు దగ్గరికి. మొదట మే ఒప్పందం మీద మొదటి ఓటింగ్ జరిగిన 2019 జనవరి 15 సాయంత్రం పెట్టుకోండి. ఓటింగ్ మొదలవగానే గంట మోగుతుంది, 8 నిమిషాల తర్వాత తలుపులు వేసేస్తారు. ఎలక్ట్రానిక్ బటన్లు లేవు, సభ్యులు లేచి అవును అనేవాళ్లు ఒక లాబీలోంచి, కాదు అనేవాళ్లు ఇంకో లాబీలోంచి నడిచి వెళ్తే మనుషుల్ని లెక్కపెడతారు. అంతసేపూ కెమెరా సభని దూరం నుంచి చూపిస్తుంది, లోపల లాబీల్లో ఎవరు ఎవరిని బతిమాలుతున్నారో మనకి కనిపించదు. పావుగంట పైనే పడుతుంది, కొత్తవాళ్లకి బోర్ కొడుతుంది, ఫార్వర్డ్ చేస్తారు. నా మాట విని చేయకండి. ఆ పావుగంటలో బెంచీల మీద మొహాలు, గుంపులుగా మాట్లాడుకోవడం, మంత్రులు నేల చూపులు చూడటం, ఇదంతా ఫలితం కంటే ముందే ఫలితం చెప్పేస్తుంది. తర్వాత ఓట్లు లెక్కపెట్టే నలుగురు ఎంపీలు (టెల్లర్లు) వరసగా నిలబడి తల వంచి అంకెలు చదువుతారు. అనుకూలం 202, వ్యతిరేకం 432. 230 ఓట్ల తేడా. బ్రిటన్ ఆధునిక చరిత్రలో ఏ ప్రభుత్వమూ కామన్స్‌లో అంత తేడాతో ఓడిపోలేదు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది దాని తర్వాతి అరగంట. అంత దెబ్బ తిన్న మనిషి వెంటనే లేచి నిలబడి, ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెడితే రేపే చర్చకి సమయం ఇస్తానని చెప్పారు. ప్రతిపక్ష నేత, లేబర్ పార్టీ జెరెమీ కోర్బిన్ పెట్టారు. మర్నాడు 325-306తో ప్రభుత్వం నిలబడింది. ముందు రోజు రాత్రి ఆమె ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేసిన సొంత పార్టీ ఎంపీలు 118 మంది, మర్నాడు అదే 118 మంది ఆమె వెనక నిలబడ్డారు. విప్ ధిక్కరిస్తే పదవే పోయే పార్టీ ఫిరాయింపుల చట్టానికి అలవాటుపడ్డ మనకి ఇది మొదట్లో నమ్మబుద్ధి కాదు. అక్కడ ఆ చట్టం లేదు. విప్ తప్పితే పార్టీ బయటికి పంపొచ్చు గానీ ఎంపీ పదవి ఎక్కడికీ పోదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా ఏడాదంతా అర్థమవుతుంది.

అదే జనవరి 15 వీడియోలో లేబర్ ఎంపీ ట్యూలిప్ సిద్దిక్ ఉంటారు, వీల్‌చైర్‌లో. ఆమె నిండు గర్భిణి, సిజేరియన్ తేదీని వాయిదా వేయించుకుని ఓటేయడానికి వచ్చారు. సభకి రాలేని ఎంపీ ఉంటే అవతలి పార్టీలో ఒకరు కూడా ఓటేయకుండా ఆగే పెయిరింగ్ అనే ఏర్పాటు ఉంది, కానీ అది నోటిమాట మీద నడిచేది. అంతకు ముందు 2018 జులైలో లిబరల్ డెమొక్రాట్ ఎంపీ జో స్విన్సన్ ప్రసూతి సెలవులో ఉండగా, ఆమెకి జంటగా ఆగాల్సిన కన్జర్వేటివ్ పార్టీ ఛైర్మన్ బ్రాండన్ లూయిస్ కీలకమైన బ్రెగ్జిట్ ఓట్లలో పాల్గొన్నారు. పొరపాటున జరిగిందని క్షమాపణ చెప్పారు, కానీ నమ్మకం పోయింది. నాకు ఆ మాట మీద భరోసా లేదని సిద్దిక్ చెప్పారు. ఆ నెలాఖరుకే, పిల్లలు పుట్టిన ఎంపీల తరఫున వేరేవాళ్లు ఓటేసే ప్రాక్సీ పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. బ్రెగ్జిట్ గొడవలో ఆ సభ చేసిన మంచి పనుల్లో ఇదొకటి, వందల ఏళ్ల అలవాటు ఒక కడుపుతో ఉన్న మనిషి కుర్చీలో రావడం వల్ల కదిలింది. వార్తల్లో ఒక ఫొటోగా వచ్చి పోయింది. వీడియోలో ఆ హోరులో ఆమె అలా కూర్చుని ఉండటం చూస్తే గుండె బరువెక్కుతుంది.

మార్చి 12 కూడా పూర్తిగా చూడాలి. రెండోసారి ఒప్పందం సభకి వచ్చిన రోజు. ముందు రోజు రాత్రి యూరోపియన్ పార్లమెంటు ఉన్న స్ట్రాస్‌బర్గ్ వెళ్లి కొన్ని హామీలు తెచ్చుకున్నారు మే, గొంతు పూర్తిగా పోయింది, మాట పెగలడం లేదు, నీళ్లు తాగుతూ మాట్లాడారు. అటార్నీ జనరల్ జెఫ్రీ కాక్స్ ఆ ఉదయమే లిఖితపూర్వకంగా తన అభిప్రాయం ఇచ్చారు, బ్యాక్‌స్టాప్‌లో ఇరుక్కుపోయే చట్టపరమైన ప్రమాదం మారలేదని. సొంత ప్రభుత్వ లాయర్ అలా రాశాక ఇక ఎవరు ఆగుతారు. 242-391. మర్నాడు ఒప్పందం లేకుండా వెళ్లడాన్ని తోసిపుచ్చారు, ఆ మర్నాడు గడువు పెంచమని అడగడానికి 412-202తో ఒప్పుకున్నారు. మూడు రోజుల్లో మూడు ఓటింగ్‌లు, ఒప్పందం వద్దు, ఒప్పందం లేకుండా వద్దు, కొంచెం టైమ్ కావాలి.

మార్చి 18న స్పీకర్ ఇచ్చిన రూలింగ్ చూడండి, పెద్దగా పొడవు లేదు. ఒకే సెషన్‌లో ఒకే ప్రతిపాదనని మళ్లీ మళ్లీ ఓటింగ్‌కి తేకూడదని 1604 నుంచి ఉన్న ఆచారాన్ని చదివి వినిపించారు. ప్రభుత్వానికి ముందు చెప్పలేదు. ఇక్కడ బెర్కో గురించి నా అభిప్రాయం చెప్తాను. ఆయన పక్షపాతం చూపించారని వెళ్లిపోదాం అన్నవాళ్లు ఇప్పటికీ అంటారు. జనవరిలో కన్జర్వేటివ్ ఎంపీ డొమినిక్ గ్రీవ్ సవరణని ఓటింగ్‌కి తీసుకున్న తీరు చూస్తే ఆ కోపానికి కారణం లేకపోలేదు. కానీ గంటల తరబడి రికార్డు చూశాక నాకు కనిపించింది, వెనక బెంచీలో కూర్చున్న మామూలు ఎంపీకి ప్రభుత్వాన్ని నిలదీసే అవకాశం ఆయన హయాంలో దొరికినంతగా ముందు దొరకలేదు. ఒక్కో ప్రకటన మీద ప్రశ్నలు అడగాలనుకున్న ప్రతి ఒక్కరూ అడిగేదాకా ఆపేవారు కాదు, రెండు గంటలైనా సరే. చూసేవాళ్లకి విసుగే, సభకి మాత్రం మంచిది.

ఇక నా దృష్టిలో ఈ మొత్తం ఆర్కైవ్‌లో అన్నింటికంటే విలువైనవి మార్చి 27, ఏప్రిల్ 1. ప్రభుత్వం చేతిలోంచి సభా కార్యక్రమాన్ని ఎంపీలు లాక్కుని, మాకు ఏం కావాలో మేమే తేల్చుకుంటాం అని కూర్చున్న రోజులవి. కన్జర్వేటివ్ ఎంపీ ఆలివర్ లెట్విన్ ముందుండి నడిపించారు. మార్చి 27న 8 ప్రతిపాదనలు, లాబీల్లో నడవకుండా కాగితాల మీద టిక్ పెట్టి ఇచ్చారు. క్లర్కులు లెక్కపెడుతుండగా అవతల సభ బ్రెగ్జిట్ తేదీని చట్టంలో మార్చే ఉత్తర్వు మీద చర్చిస్తోంది. 8లో ఒక్కటీ గెలవలేదు. ఏప్రిల్ 1న నాలుగుకి తగ్గించారు. కెన్ క్లార్క్ పెట్టిన కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదనకి 273-276. మూడు ఓట్లు. ఇద్దరు అటు నుంచి ఇటు మారి ఉంటే గెలిచేది. మళ్లీ రెఫరెండం పెట్టాలన్నదానికి 280-292. ఆర్టికల్ 50 రద్దు చేయడానికి దారితీసే ప్రతిపాదనకి 191-292. ఇంతకీ వాటి మధ్యలో, మార్చి 29న మూడోసారి ఓడిపోయిన మే ఒప్పందానికి 286 వచ్చాయి. అంటే అందరూ తిట్టిన ఆ ఒప్పందానికే, ఓడిపోయినా, ఏప్రిల్ 1న పెట్టిన ఏ ప్రతిపాదన కంటే ఎక్కువ మంది అవును అన్నారు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూసేదాకా నాకు ఆ ప్రతిష్టంభన లోతు తెలియలేదు.

ఏప్రిల్ 1 ఫలితాలు చదివాక నిక్ బోల్స్ లేచారు. కన్జర్వేటివ్, మధ్యేమార్గం కోసం నెలల తరబడి రెండు పార్టీల ఎంపీల చుట్టూ తిరిగిన మనిషి, ఆయన పెట్టిన కామన్ మార్కెట్ 2.0 (యూనియన్ నుంచి వెళ్లినా యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో ఉండిపోదాం అన్న) ప్రతిపాదన 261-282తో పోయింది. తను చేయగలిగిందంతా చేశానని, రాజీకి తన పార్టీ ఒప్పుకోనందువల్లే విఫలమయ్యానని, ఇక ఈ పార్టీ సభ్యుడిగా కూర్చోలేనని చెప్పారు. గొంతు వణుకుతోంది. కాగితాలు తీసుకుని బయటికి నడిచారు. వెళ్లొద్దు నిక్ అని వెనక నుంచి ఎవరో అనడం మైకులో వినిపిస్తుంది, కొంతమంది చప్పట్లు కొట్టారు, మామూలుగా ఆ సభలో చప్పట్లు కొట్టరు. నేను ఇది ఎన్నిసార్లు చూశానో. ఆ రోజే కొన్ని గంటల ముందు గ్యాలరీలో పర్యావరణ నిరసనకారులు అర్ధనగ్నంగా అద్దానికి అతుక్కుని నిలబడ్డారు, మర్నాడు చాలా పేపర్లకి అదే పండగ. నేను మాత్రం బోల్స్ నడిచి వెళ్లిన ఆ నిమిషమే చూడమంటాను.

ఏప్రిల్ 3న ఒక సవరణ మీద 310-310 సమానమైంది, 1993 తర్వాత అలా జరగడం అదే మొదలు. మెజారిటీ లేకుండా కొత్త నిర్ణయం తన ఓటుతో తీసుకోకూడదన్నది స్పీకర్లు పాటించే సంప్రదాయం, బెర్కో అలాగే కాదు వైపు ఓటేశారు. అదే రాత్రి గడువు పెంపు అడగమని ప్రధానిని కట్టడి చేసే బిల్లు 313-312తో, ఒక్క ఓటుతో గట్టెక్కింది. మర్నాడు సభలో పైనుంచి నీళ్లు కారి సమావేశం ఆగిపోయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సలహా. ఈ సైటు ఒక్కటే పెట్టుకుంటే సగమే అర్థమవుతుంది, పక్కన హాన్సార్డ్ తెరిచి పెట్టుకోండి. సభలో మాట్లాడిన ప్రతి మాటకీ అధికారిక రికార్డు అది, అదీ ఉచితమే, మాట్లాడిన దాదాపు మూడు గంటల్లో ఆన్‌లైన్‌లోకి వస్తుంది. ఎందుకు కావాలంటే, ఆ సభలో ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, నియోజకవర్గంతో పిలుస్తారు. అప్పట్లో రష్‌క్లిఫ్ సభ్యుడు అంటే కెన్ క్లార్క్. మెయిడెన్‌హెడ్ సభ్యురాలు అంటే అప్పట్లో థెరిసా మే. వింటుంటే ఎవరి గురించో తెలియక తల తిరుగుతుంది, హాన్సార్డ్‌లో ఊరి పేరు పక్కన మనిషి పేరు బ్రాకెట్‌లో ఉంటుంది. యాస పట్టుకోవడం కష్టమైనవాళ్లకి కూడా చదువుతూ వినడం హాయి. కాకపోతే హాన్సార్డ్ మాటల్ని కొద్దిగా సాఫు చేస్తుంది, తడబాట్లు, అనవసరమైన రిపీట్లు తీసేస్తుంది. రెండు నిమిషాల పాటు సభ దద్దరిల్లినా అక్కడ "అంతరాయం" అన్న ఒక్క మాటే ఉంటుంది. అందుకే రెండూ కావాలి.

ఓట్ల వివరాలకి కామన్స్‌వోట్స్ అని ఇంకో సైటుంది. ఎవరు ఎటు వేశారో పార్టీ రంగులతో పేర్లన్నీ వస్తాయి. ఓటు నమోదు కానివాళ్ల పేర్లు కూడా విడిగా ఉంటాయి, కానీ ఎందుకు వేయలేదో ఉండదు. ఒంట్లో బాగోలేదా, పెయిరింగా, కావాలని ఆగారా తెలియదు. ఉత్తర ఐర్లాండ్‌కే చెందిన సిన్ ఫెయిన్ పార్టీ ఎంపీలు ఏడుగురు ఆ సభలో అసలు అడుగే పెట్టరు, వాళ్లూ అదే లిస్టులో. చూసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఫలానా ఎంపీ పారిపోయాడు అని తొందరపడి అనేస్తారు.

పిటిషన్ల సైటు గురించి రెండు మాటలు చాలు. 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబు ఇస్తుంది, 100,000 దాటితే చర్చకి తీసుకునే అవకాశం ఉంటుంది. ఆర్టికల్ 50 రద్దు చేయమన్న పిటిషన్‌కి 61 లక్షలకి పైగా సంతకాలు వచ్చాయి, 2019 మార్చిలో ఆ తాకిడికి సైటు కొంతసేపు పడిపోయింది కూడా. ఏప్రిల్ 1న వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో చర్చ జరిగింది, దాంతో ప్రభుత్వ నిర్ణయం ఏమీ మారలేదు. నియోజకవర్గాల వారీగా సంతకాల మ్యాప్ మాత్రం బాగుంటుంది.

సెప్టెంబర్‌కి వస్తే, మే తప్పుకుని బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యారు. సెప్టెంబర్ 3న ఆయన మాట్లాడుతుండగానే కన్జర్వేటివ్ ఎంపీ ఫిలిప్ లీ నడుచుకుంటూ వెళ్లి లిబరల్ డెమొక్రాట్ల పక్కన కూర్చున్నారు, ఆ అడుగులతో ప్రభుత్వానికి మిగిలిన ఒక్క ఓటు మెజారిటీ పోయింది. కెమెరా దాన్ని బాగానే పట్టుకుంది. ఆ రాత్రి సభా కార్యక్రమాన్ని ఎంపీలు మళ్లీ చేతిలోకి తీసుకునే ఓటింగ్‌లో ప్రభుత్వం 328-301తో ఓడిపోయాక, అటు ఓటేసిన 21 మంది సొంత ఎంపీలని పార్టీ నుంచి బయటికి పంపేశారు. అందులో కెన్ క్లార్క్ ఉన్నారు, మొన్నటిదాకా ఆర్థిక మంత్రి ఫిలిప్ హామండ్ ఉన్నారు, చర్చిల్ మనవడు నికోలస్ సోమ్స్ ఉన్నారు. తర్వాత సెప్టెంబర్ 9 అర్ధరాత్రి దాటాక సభని ప్రోరోగ్ చేసిన (సమావేశాల్ని ముగించేసిన) తతంగం, నోరు నొక్కేశారని రాసిన కాగితాలు పట్టుకుని నిలబడ్డ ప్రతిపక్ష ఎంపీలు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఆ ప్రోరోగేషన్ చెల్లదని తేల్చారు. ఆ తీర్పు ఈ సైటులో కాదు, కోర్టు వీడియోల్లో చూసుకోవాలి. మర్నాడు సభ మొదలవగానే స్పీకర్ చేసిన పని చూడండి, సభ జర్నల్‌లోంచి ప్రోరోగేషన్ ప్రస్తావన కొట్టేసి, ఆ రోజు సభ వాయిదా పడినట్టుగా రాయమన్నారు. చట్టం దృష్టిలో ఆ రాత్రి ప్రోరోగేషన్ జరగనే లేదు.

సెప్టెంబర్ 25 సాయంత్రం చూసేటప్పుడు మాత్రం మనసు గట్టి చేసుకోండి. ఎంపీ జో కాక్స్‌ని 2016 జూన్ 16న, రెఫరెండానికి వారం ముందు, ఆమె నియోజకవర్గంలోనే చంపేశారు. ఆమె పేరిట ఒక చిహ్నం సభ గోడ మీద ఉంటుంది. దాని కింద నిలబడి లేబర్ ఎంపీ పౌలా షెరిఫ్, మాకు రోజూ చంపుతామని బెదిరింపులు వస్తున్నాయి, లొంగిపోవడం, ద్రోహం లాంటి మాటలు మీరు వాడుతున్నారు, అవే మాటలు ఆ బెదిరింపుల్లోనూ ఉంటున్నాయి, దయచేసి తగ్గించండి అని ప్రధానిని అడిగారు. ఆయన దాన్ని ఒక్క మాటతో కొట్టిపారేశారు. నేను ఏ పక్షమన్నది వదిలేయండి, బ్రెగ్జిట్ కావాలని ఓటేసినవాళ్లు కూడా ఆ నిమిషం చూసి ఇబ్బంది పడ్డారు. అలాంటి ప్రశ్నకి ఒక ప్రధాని ఇవ్వాల్సిన జవాబు అది కాదు. న్యూస్‌లో ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి వేశారు. షెరిఫ్ అంతకు ముందు ఏం అడిగారో, ఆ గొంతులో ఏముందో తెలియాలంటే అక్కడికే వెళ్లాలి.

అక్టోబర్ 19 శనివారం, 1982 ఫాక్లండ్స్ యుద్ధం తర్వాత సభ మొదటిసారి శనివారం కూర్చుంది. అక్టోబర్ 22న జాన్సన్ తెచ్చిన కొత్త ఒప్పందాన్ని చట్టం చేసే బిల్లు 329-299తో సెకండ్ రీడింగ్ (బిల్లుకి సూత్రప్రాయంగా ఒప్పుకునే ఓటింగ్) దాటింది, కొద్ది నిమిషాల తర్వాత ఆ బిల్లుకి మూడు రోజుల టైమ్ చాలదని 308-322తో ఆపేశారు. చివరికి డిసెంబర్ 12 ఎన్నికలు, 365 సీట్లు, 80 మెజారిటీ. డిసెంబర్ 20న ఆ బిల్లే కొన్ని మార్పులతో మళ్లీ వచ్చి 358-234తో హాయిగా దాటిపోయింది. ఆ వీడియో చూడటానికి అసలు బోర్, ఎందుకంటే ఇక సస్పెన్స్ లేదు. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకి బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది.

లోపాలు చెప్పాలంటే, ఈ సైటు ఏదీ వివరించదు. సవరణ ఎందుకు వచ్చింది, దేని మీద ఓటు, గెలిస్తే ఏమవుతుంది, ఏమీ ఉండదు. ముందు నుంచి తెలిసినవాళ్లకి నిధి, కొత్తవాళ్లకి అడవి. ఆ తేదీకి ముందు వెనక ఏం జరిగిందో ఎక్కడైనా పది నిమిషాలు చదువుకుని వెళ్లండి. రెండోది, సభలో జరిగిందే కనిపిస్తుంది. మార్చి 27న మే తన పార్టీ ఎంపీలతో, ఒప్పందం పాసైతే నేను తప్పుకుంటాను అని చెప్పిన సమావేశం మూసిన తలుపుల వెనక జరిగింది. డీయూపీతో బేరాలు, వెనక గదుల్లో మంత్రాంగాలు, ఏవీ ఇందులో లేవు. మూడోది క్లిప్పుల వాడకం మీద రూల్స్. ఆ దృశ్యాలని వినోద కార్యక్రమాలకి, రాజకీయ వ్యంగ్యానికి వాడకూడదు. ప్రజల సభ దృశ్యాల మీద ప్రజలకి ఆ ఆంక్ష ఎందుకో నాకు నచ్చలేదు.

ఒక్క సాయంత్రమే ఉందంటే 2019 ఏప్రిల్ 1 తీసుకుని రాత్రి ఫలితాల దగ్గర నుంచి చూడండి. రెండో సాయంత్రం దొరికితే జనవరి 15 ఓటింగ్. మూడోది సెప్టెంబర్ 25, ఉదయం నుంచి కాదు, ప్రధాని ప్రకటన దగ్గర నుంచి. టీచర్లు, లా చదివేవాళ్లు, సివిల్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు అయితే మార్చి 18 రూలింగ్‌ని హాన్సార్డ్‌తో కలిపి చదవండి, పార్లమెంటరీ సంప్రదాయం అంటే ఏంటో ఒక్క గంటలో ఎక్కేస్తుంది. నా రేటింగ్ 5కి 4. ఒక్కో రోజు చర్చ పక్కన అప్పటి సందర్భం పది వాక్యాల్లో రాసి పెట్టిన రోజు ఆ ఒకటి కూడా ఇచ్చేస్తాను.